మన్సూరాబాద్ దారిలో రాతిమాను

6 జూలై 1969, ఆదివారం. తెల్లవారుజామున నాలుగు చినుకులు పడి ఆగాయి, తొమ్మిదికల్లా ఉక్కపోత. కిరసనాయిలు స్టవ్వు ఒత్తులు సమంగా కత్తిరించి, మసి తుడిచి మళ్లీ ఎక్కించాను.

మామూలుగా ఈ పుస్తకంలో రోజుకు నాలుగు వాక్యాలకు మించి రాయను. ఇవాళ అలా సరిపెట్టడం కుదరదు. మన పఠనాలయం మిత్రులు ఇద్దరు రాతిమాను సంగతి విని, తామూ వెళ్లి చూస్తామనీ, దారీ వేళా వివరంగా రాసిపెట్టమనీ అడిగారు. వాళ్ల కోసం జరిగింది జరిగిన వరుసలోనే రాస్తున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కలప డిపోలో నేను గుమాస్తాను. మంచిర్యాల వైపు నుంచి లారీల్లో టేకు మొద్దులు వస్తాయి. ఒక్కో మొద్దు పొడవూ చుట్టుకొలతా తీసి, కొసన తడిచేసి రకం చూసి, పగుళ్లుంటే పక్కన పెట్టించడం నా పని. పోయిన నెలలో ఒకరోజు కొలతలు తీస్తుంటే లారీ డ్రైవరు యూసుఫ్ బీడీ ఆర్పి నా దగ్గరికి వచ్చాడు.

"గుమాస్తా సాబ్, మీ పుస్తకంల ఎక్కని మొద్దు ఒకటి తెచ్చిన" అన్నాడు.

ఏమిటన్నట్టు చూశాను.

"మా లారీల టేకు పక్కన ఏసిన్రు. ఎల్బీ నగర్ అవతల కొత్త ప్లాట్లున్నయ్ గదా, ఆడ దింపిన. ఆరుగురు మోసిన్రు. కట్టె అనుకొని చెయ్యి పెడితే సల్లగ రాయి. బెరడుంది, కొమ్మ ఇరిగిన జాగ ఉంది. ఇరవై ఏండ్లసంది కట్టెలు మోస్తున్న, గసొంటిది చూడలే. తొవ్వ పొడుగునా అద్దంల ఎనకకు చూసుకుంట వచ్చిన."

"ఎందుకు?"

"ఏమో సాబ్. ఎవరో పండుకున్నట్టే ఉండె."

రాయిగా మారిన చెట్ల గురించి నేను చదివి ఉన్నాను. నిఘంటువు పక్కన పెట్టుకుని నెలరోజులపాటు ఒక ఇంగ్లీషు పుస్తకంలో చదివింది ఇది. చెట్టు కూలి, నది ఇసుకలోనో బురదలోనో వెంటనే కప్పబడిపోతే దానికి గాలి తగలదు, కుళ్లడం ఆలస్యమవుతుంది. ఆ ఇసుక గుండా ఊరే నీటిలో సిలికా అనే పదార్థం కరిగి ఉంటుంది. గాజుకూ స్ఫటికానికీ మూలం అదే. ఆ నీరు చెట్టులోని సన్నని గొట్టాల్లోకి, ఒక్కొక్క కణంలోకి ఇంకి అక్కడ సిలికాను పేరుస్తుంది. ఒకపక్క కట్టె కొద్దికొద్దిగా కరిగిపోతూ ఉంటే, మరోపక్క ఆ ఖాళీలో రాయి అదే ఆకారంలో నిలబడుతుంది. ఇనుము కలిస్తే ఎరుపో పసుపో రంగు వస్తుంది. లక్షల ఏళ్ల తర్వాత బెరడూ వలయాలూ కొమ్మ ముడులూ అన్నీ ఉంటాయి, చెట్టు మాత్రం ఉండదు. గోదావరి లోయలో బొగ్గు దొరికే తావుల్లో, బొగ్గుకు పైనుండే ఇసుకరాతి పొరల్లో ఇలాంటి మానులు బయటపడుతుంటాయట. మన దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల అంతా నల్లరాతి గుట్టలు. ఇక్కడ అలాంటిది పుట్టే వీలే లేదు. అందుకే చూడాలనిపించింది.

మధ్యాహ్నం పన్నెండున్నరకు గది తాళం వేసి బయలుదేరాను. మామూలు రోజైతే బస్సులో పదిహేను పైసలకు ఎల్బీ నగర్ చౌరస్తాలో దిగవచ్చు. ఇవాళ మళ్లీ బంద్, బస్సులు లేవు, కిరాయి సైకిళ్ల దుకాణం కూడా మూసి ఉంది. నడిచాను. విజయవాడ రోడ్డు అంత ఖాళీగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. దుకాణాల తలుపుల మీదా గోడల మీదా సున్నంతో రాసిన జై తెలంగాణ అక్షరాలు. రోడ్డు మధ్య టైరు కాలిన నల్లటి గుండ్రటి మచ్చ, దాని చుట్టూ ఎవరో పేర్చి వదిలేసిన రాళ్లు. ఒకచోట ఇంటి లోపల రేడియో వినిపించింది. నేను దగ్గరికి రాగానే ఆపేశారు. కొత్తపేట దాటాక ఇళ్లు పలచబడ్డాయి. ఇరువైపులా గుట్టలు, సీతాఫలం పొదలు, మనిషి ఎత్తు పుట్టలు. నా చెప్పుల చప్పుడు నాకే ఎక్కువగా వినిపించి, కొంతదూరం రోడ్డు దిగి మట్టిలో నడిచాను.

మాది తెనాలి దగ్గర పల్లె. ఇక్కడికొచ్చి పదకొండేళ్లయినా నా మాట మారలేదు. ఈ ఆరు నెలలుగా కొట్లో కావలసింది వేలితో చూపించి కొనడం అలవాటు చేసుకున్నాను. నన్నెవరూ ఏమీ అనలేదు, అది కూడా రాయాలి. అనకముందే నేను మాట్లాడటం తగ్గించాను.

చౌరస్తాకు ఒకటిన్నరకు చేరాను. తిన్నగా పోతే హయత్‌నగర్, కుడివైపు అల్మాస్‌గూడ. ఎడమవైపు మన్సూరాబాద్ వెళ్లే బండిబాట పట్టాలి. అరగంట నడిస్తే సున్నపు ముగ్గుతో గీసిన ప్లాట్లు వస్తాయి. అక్కడ పూర్తయిన ఇళ్లు మూడే. మూడోది బంగ్లా పెంకుల ఇల్లు, ముందు పొడవాటి వరండా. వరండా దూలానికి మధ్యలో ఒకే ఒక్క స్తంభం. అదే రాతిమాను.

దూరం నుంచి చూస్తే టేకు స్తంభమనే అనుకుంటారు. ఏడడుగుల ఎత్తు, మనిషి నడుమంత లావు, ఎర్రటి గోధుమ రంగు. బెరడు చారలు కింది నుంచి పైదాకా ఉన్నాయి. ఒకచోట కొమ్మ విరిగిన ముడి కన్నులా తెరుచుకుని ఉంది. దగ్గరికి వెళితే ఇంకొకటి కనిపించింది. నేల నుంచి దూలందాకా చెదల మట్టిదారులు ఎక్కి ఉన్నాయి. చెదలు దాన్ని కట్టె అనుకున్నాయి. పైదాకా వెతుక్కుంటూ వెళ్లాయి, ఏమీ దొరకలేదు, పక్కనుంచి ఇంకో దారి వేసుకుని మళ్లీ వెతికాయి. అలాంటి దారులు పది పన్నెండు ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ ప్రాణం లేదు. ఆ రాతిని చూస్తే పుట్టని భయం ఆ ఎండిన మట్టిగీతల్ని చూస్తే పుట్టింది.

ఇంటాయన శామేలు, తాపీమేస్త్రి. నల్గొండ పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. చేతికి సున్నం ఉండగానే బయటికి వచ్చి, "ఎవరు సారు, గీ బంద్‌ల నడ్సుకుంట వచ్చిన్రు?" అన్నాడు. యూసుఫ్ పేరు చెప్పి, స్తంభం వైపు చూపించాను. అతని ముఖం వెలిగింది.

"చూడుండ్రి, మంచిగ చూడుండ్రి. ఈడ మామిడి కట్టె పెడితే ఆర్నెల్లు, టేకు పెడితే రెండేండ్లు, చెదలు తినాల్సిందే. మా మామ సామాను తెద్దామని బొగ్గుబాయిల దిక్కు పోయిన. ఆడ వాగుల గివి పడున్నయ్, బట్టలుతుకుతున్రు దాని మీద. పైస ఖర్సు లేకుంట ముఫత్‌ల వచ్చింది. కట్టె లెక్క అందం, రాయి లెక్క గట్టి. ఇంక నా పిల్లల పిల్లలు పోయినా గిది పోదు."

"నాయినకు చెప్పు ఆ ముచ్చట" అంది లోపలినుంచి వచ్చిన అతని భార్య మరియమ్మ, చంకలో పాపతో. వాకిట్లో కంకరకుప్ప వైపు చూపించింది.

కంకరకుప్ప మీద తలకు తువ్వాలు చుట్టుకుని ఒక ముసలాయన ఎండలో కూర్చుని ఉన్నాడు. మరియమ్మ తండ్రి, ఇస్సాకు. ముప్పై ఏళ్లు బొగ్గుబావుల్లో పనిచేసి, పోయిన నెలలోనే ఇక్కడికి వచ్చాడు. బావి లోపల కప్పు కూలకుండా కట్టె స్తంభాలు పెట్టే పని ఆయనది.

"వచ్చిన కాన్నుంచి గంతే సారు" అన్నాడు శామేలు గొంతు తగ్గించకుండానే. "వరండ కింద కాలు పెట్టడు. బువ్వ తినేది ఆడనే, పండేది ఎనక కొట్టంల. ఇయ్యాల అయిదింటికి కొత్తింటి ప్రార్థన. నలభై మంది వస్తరు, పాస్టరుగారు వస్తరు. పెద్దమనిషి కంకర మీద కూసుంటే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"నీ ఇజ్జత్ కంకర మీద లేదు, కప్పు కింద ఉంది" అన్నాడు ముసలాయన అక్కడినుంచే. చెవులు బాగానే పనిచేస్తున్నాయి.

నేను వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. ఎందుకు భయమని అడగలేదు. ఆయనే మొదలుపెట్టాడు.

"కట్టె మాట్లాడ్తది బిడ్డా. బాయిల పైన బరువు వస్తే కట్టె ముందుగాల కిర్రుమంటది, పొట్టు రాలుతది. గప్పుడు మేం పని ఇడిచి ఉరుకుతం. ఇనుప కంబాలు తెచ్చిన్రు ఒకసారి. మావోళ్లు వద్దన్నరు. ఇనుము మాట్లాడదు. నా పాణం ముప్పై ఏండ్లు కట్టె మాట మీద నిలబడ్డది."

"ఈ రాయి?"

"గిదా? బాయిల కప్పుల కనపడ్తయ్ గివి. రాయైపోయిన చెట్టు మొదలు, కుండ అడుగు లెక్క గుండ్రంగ. దాని కింద కూసోవద్దు అని కొత్తోళ్లకు మొదటి రోజే చెప్తం. చప్పుడు చేయదు. జారి పడ్తది, గంతే. నా జోడీదారు గట్లనే పోయిండు. నా చేతికి గుటక నీళ్లిచ్చి అటు తిరిగిండు. మళ్ల చూస్తే మొద్దుంది, మనిషి లేడు. నేనేం ఇనలేదు. ముప్పై ఏండ్లు ఇన్న చెవి ఇది, ఏం ఇనలేదు."

 నాకు చదువుకున్నవాడిననే ధైర్యం ఉంది. పైకప్పులో ఇరుక్కున్న మొదలు జారడం వేరు, నిలబెట్టిన స్తంభం వేరు అనుకున్నాను.

శామేలు మా దగ్గరికి వచ్చాడు. "మామా, ఈ సారు కట్టెల డిపోల పనిచేస్తడు. దినాం నూరు మొద్దులు చూసెటోడు. నేను చెప్తె ఇనవు గద, గాయన్నే అడుగు. గట్టిదంటే లోపలికి వస్తవా?"

ఇస్సాకు నా ముఖంలోకి చూశాడు. "వస్త" అన్నాడు.

నేను లేచి స్తంభం చుట్టూ తిరిగాను. డిపోలో చేసే పద్ధతిలోనే చేశాను. పైనుంచి కిందికి వేలు జార్చాను. వేలితో తడిచేసి చూశాను. టేకుకుండే సూది రంధ్రాలు ఇందులో లేవు, మన అడవుల చెట్టు కాదు. పొడవునా పగులు ఉందేమో అని నాలుగు పక్కలా వెతికాను. లేదు. డొల్ల లేదు. అడ్డంగా చుట్టూ మూడు సన్నని గీతలు మాత్రం ఉన్నాయి, వాటిలోకి చెదల మట్టి దూరి ఆరిపోయి ఉంది. కట్టె పగిలితే పొడవునా పగులుతుంది. అడ్డగీతలకు మా డిపోలో విలువే లేదు, రంపం తగిలిన గాటనో గొలుసు ఒరుసుకున్న గుర్తనో వదిలేస్తాం.

"గట్టిదేనండి" అన్నాను.

ఈ ఒక్క మాటే అన్నాను. శామేలు తొడ మీద చరుచుకున్నాడు. ఇస్సాకు "సరే బిడ్డా. ప్రార్థన ఏళకు వస్త" అన్నాడు. మాట ఇచ్చినవాడిలా కాకుండా, మాట పోగొట్టుకున్నవాడిలా అన్నాడు.

మరియమ్మ జొన్నరొట్టె, పచ్చికారం పెట్టింది. సాయంత్రందాకా ఉండమన్నారు. నలభైమందిలో కూర్చుంటే మాట్లాడవలసి వస్తుందని వద్దన్నాను. వాగు ఒడ్డున ఏరిందట, అదే మాను నుంచి రాలిన ముక్క ఒకటి శామేలు తన పెద్ద కూతురు ఆడుకునే వస్తువుల్లోంచి తీసి ఇచ్చాడు. వేలంత పొడవు, పెన్సిలంత సన్నం, అచ్చం పొయ్యిలోకి చీల్చిన పుల్లలా ఉంది. జేబులో వేసుకుని మూడున్నరకు బయలుదేరాను.

కొత్తపేటలో ఒక చాయ్ హోటల్ సగం తలుపు తీసి ఉంది. టీ పదిహేను పైసలు. ఒక్క తలుపు ఎందుకు తీశావని నా ముందున్నవాడు అడిగితే, "మూసింది బంద్ కోసం, తీసింది కడుపు కోసం" అన్నాడు హోటలాయన. బల్ల మీద కూర్చుని రాతి పుల్లను బయటికి తీశాను. చేతి వాడుక కొద్దీ, కట్టెపుల్ల నాణ్యం చూసేటప్పుడు విరిచినట్టే రెండు కొసలు పట్టుకుని వంచాను. కట్టెపుల్లైతే వంగుతుంది, పీచు లేస్తుంది, పొడవునా చీలుతుంది. ఇది వంగలేదు. టక్కున అడ్డంగా రెండైంది, రంపంతో కోసినట్టు. కొస గాజులా మెరిసింది, వేలు తెగింది.

"ఏం సారు, సుద్దముక్కా?" అన్నాడు హోటలాయన.

రెండు ముక్కలూ జేబులో వేసుకున్నాను. నాకు ఆ మూడు అడ్డగీతలు కనిపిస్తున్నాయి. చెదల మట్టి లోపలికి దూరిన గీతలు. పైగీతైతే మట్టి ఎలా దూరుతుంది? దూరిందంటే అది సందు. నేను రాయిని రాయిగా చూడలేదు. ఆకారం చూసి, చెట్టనుకుని, చెట్టు పద్ధతిలో పరీక్షించాను. అది చెట్టు కాదు, చెట్టు రూపంలో ఉన్న గాజు. గాజు పీచు వెంట పగలదు.

హోటల్ గడియారంలో నాలుగున్నర. నా మాట మీద ముసలాయన కప్పు కిందికి వస్తానన్నాడు. నలభైమంది వస్తారు. వాన కూడా మొదలైంది, అంటే వాకిట్లో ఎవరూ కూర్చోరు.

రోడ్డు మీదికి వచ్చి, హయత్‌నగర్ వైపు ఖాళీ గంపలతో పోతున్న ఒక సైకిలాయన్ని చెయ్యెత్తి ఆపాను. కూరగాయలమ్ముకునే మనిషి. "మన్సూరాబాద్ బాట దగ్గర దింపుతారా? తొందరండి" అన్నాను. నా మాట వినగానే అతను పెడల్ మీద కాలు ఆపాడు.

"ఏ ఊరు మీది?"

కొంచెం ఆలస్యం చేసి, "తెనాలి" అన్నాను.

అతను రోడ్డు అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. "ఎనకకు కూసో. గంప పట్టుకో, కాళ్లు చక్రంల పెట్టకు, మళ్ల తెనాలోళ్లు నా మీదికి వస్తరు" అన్నాడు. దారంతా తొక్కుతూనే ఉన్నాడు. చౌరస్తాలో దిగి డబ్బులివ్వబోతే, "ఇంకో దినం ఇయ్యి, బంద్ లేనప్పుడు" అని వెళ్లిపోయాడు.

బండిబాటలో బురద. సగం పరుగు, సగం నడక. ప్లాట్ల దగ్గరికి వచ్చేసరికి పాట వినిపించింది. వరండా నిండిపోయి ఉంది. ఆడవాళ్లు, పిల్లలు చాపల మీద, మగవాళ్లు గోడకు ఆనుకుని నిలబడి, స్తంభం పక్కన కుర్చీలో పాస్టరుగారు. స్తంభానికి శామేలు బంతిపూల దండ చుట్టాడు. వాన వల్ల ఇంకా ఇంకా లోపలికి జరుగుతున్నారు. ఇస్సాకు కొత్త పంచె కట్టుకుని వరండా అంచున, ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు వానలో పెట్టి నిలబడి ఉన్నాడు. నన్ను చూశాడు.

పాట అయ్యేదాకా ఆగాలనిపించింది. ఆగలేదు. "అందరూ ఒక్కసారి బయటికి రండి" అన్నాను. నా గొంతు నాకే పరాయిదిలా వినిపించింది. ఆరు నెలల్లో అంత గట్టిగా మాట్లాడింది అదే. పాట ఆగిపోయింది.

"నేను ఇందాక గట్టిదని చెప్పాను. తప్పు చెప్పాను. ఆ స్తంభంలో మూడు అడ్డపగుళ్లున్నాయి. అది నిలబడదు."

శామేలు జనంలోంచి ముందుకు వచ్చాడు. "ఏంది సారు? రెండు గంటల కింద గట్టిదంటివి. ఇప్పుడు పడతదంటవ్. నలుగురి ముందట నా ఇల్లు కూలుతదంటవా?"

వెనక నుంచి ఒకరు, "ఆంధ్రాయన మాట గద, పొద్దుకొకటి ఉంటది" అన్నారు. కొందరు నవ్వారు. నవ్వడం తప్పుకాదు, నేను అన్నది అలాగే ఉంది. స్తంభం చూస్తే నిటారుగా, బంతిపూలతో, ఎప్పటికీ అలాగే ఉంటుందన్నట్టు ఉంది. నా దగ్గర చూపించడానికి రెండుగా విరిగిన పుల్ల తప్ప ఏమీ లేదు. చేయి చాపి అదే చూపించాను. వేలు తెగిన రక్తం దానికి అంటుకుని ఉంది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

మరియమ్మకు అర్థమైందో లేదో నాకు తెలియదు. ఆమె నా చేతి వైపు చూసి, తండ్రి వైపు చూసింది. "నాయిన నెల దినాలసంది అదే చెప్పవట్టె. ఇప్పుడు ఈయన వానల ఉరికొచ్చె" అంది. పాపను చంకనెత్తుకుని మెట్టు దిగి, వానలో తండ్రి పక్కన నిలబడింది.

ఆమె వెనక ఒక ముసలామె, ఆ తర్వాత పిల్లల తల్లులు. పాస్టరుగారు బైబిలు కోటు లోపల పెట్టుకుని దిగారు. చివరికి మగవాళ్లు. శామేలు ఒక్కడు లోపల మిగిలాడు, స్తంభం మీద చెయ్యి పెట్టి.

"రా అల్లుడా" అన్నాడు ఇస్సాకు. "పరంజా కట్టెలున్నయా నీ దగ్గర?"

ఇంటి వెనక, గోడల కట్టుబడికి వాడిన సర్వి కట్టెలున్నాయి. ఆ తర్వాత ముసలాయన మారిపోయాడు. రెండు కట్టెలు కొలత చూసి కోయించాడు, ఎవరినీ దూలం కిందికి రానివ్వలేదు. తనూ శామేలూ మాత్రమే ఒంగి వెళ్లి, స్తంభానికి అటొకటి ఇటొకటి నిలబెట్టారు. కొసల్లో చెక్క చీలలు పెట్టి, సుత్తితో కొంచెం కొంచెంగా కొడుతూ, ప్రతి దెబ్బకూ కట్టెకు చెవి ఆనించి విన్నాడు. జ్వరం ఉన్నవాడి ఛాతీకి చెవి ఆనించినట్టు. వాకిట్లో నలభైమందిమి వానలో చప్పుడు లేకుండా నిలబడ్డాం.

నాలుగో దెబ్బకో అయిదో దెబ్బకో సర్వి కట్టె కిర్రుమంది. బరువు దాని మీదికి వచ్చింది. "దిగు" అని శామేలు భుజం పట్టి లాగాడు ముసలాయన. ఇద్దరూ వాకిట్లోకి వచ్చాక, పైనుంచి నొక్కిపట్టిన బరువు తప్పి, రాతిమానులో అడ్డగీతల నడుమనున్న మధ్య తుండు పక్కకు జరిగింది. కూలలేదు, విరగలేదు, బల్ల సొరుగు బయటికి వచ్చినట్టు జరిగింది. ఒక క్షణం పై తుండు ఏ ఆధారమూ లేకుండా దూలానికి అతుక్కుని గాల్లో ఉన్నట్టు కనిపించింది. తర్వాత రెండూ పాస్టరుగారి కుర్చీ మీద పడ్డాయి. నేలకు తగిలినప్పుడే చప్పుడు.

"ఇన్నవా బిడ్డా?" అన్నాడు ఇస్సాకు.

"పడకముందు ఏమీ వినపడలేదండి."

"గదే నేను చెప్పేది."

తర్వాత శామేలు, నేను విరిగిన ముఖాలు చూశాం. చాలామటుకు పాతవే. మట్టిరంగు పట్టి, వాగునీటి మరకలతో ఉన్నాయి. కొత్తగా మెరుస్తున్నది ఒక మూల అరచేతిలో సగమంత చోటు. అంతమాత్రమే దాన్ని ఇన్నాళ్లూ కలిపి ఉంచింది. మనుషులు పుట్టకముందు ఎప్పుడో పగిలిన మానును లారీలో తెచ్చి, దాని మీద ఇంటి కప్పు పెట్టి, నేను గట్టిదన్నాను.

"ఇందాక గట్టిదంటివి సారు" అన్నాడు శామేలు. ఈసారి కోపం లేదు.

"అన్నాను."

"నేను గూడ అన్న. నాదే పెద్దది, ఇల్లు నాది." కుర్చీ ముక్కలు ఏరి ఒక పక్కన పెట్టాడు. ప్రార్థన వాన తగ్గాక వాకిట్లోనే జరిగింది. అంతా అయ్యాక ఇస్సాకు చెప్పులు విడిచి వరండాలోకి వెళ్లి, సర్వి కట్టెకు వీపు ఆనించి కూర్చున్నాడు. మరియమ్మ పళ్లెం అక్కడికే తీసుకెళ్లి పెట్టింది. ఆయన తింటూ ఉంటే శామేలు ఎదురుగా గొంతుక్కూర్చుని, అడిగినప్పుడల్లా కూర వడ్డించాడు.

చీకటి పడేలోగా చౌరస్తా చేరాలని ఆరున్నరకు బయలుదేరాను. దారంతా ఒకటే అనుకున్నాను. ఆ చెట్టు ఏ నది ఒడ్డునో నిలబడి ఉన్న కాలంలో గాలికి చప్పుడు చేసే ఉంటుంది, కొమ్మ విరిగినప్పుడు కూడా చేసి ఉంటుంది. రాయి దాని బెరడు తీసుకుంది, వలయాలు తీసుకుంది, విరిగిన కొమ్మ ముడిని కూడా తీసుకుంది. చప్పుడు ఒక్కటి తీసుకోలేకపోయింది. చెదలు దాన్ని నమ్మాయి, మేస్త్రి నమ్మాడు, ఏళ్ల తరబడి మొద్దులు కొలిచిన నేను నమ్మాను. నమ్మనివాడు ముప్పై ఏళ్లు చీకట్లో చెవితో బతికిన మనిషి ఒక్కడే.

వెళ్లదలచినవారికి: తుండ్లు ఇప్పుడు గేటుకు ఎడమపక్క కంకర దగ్గర పడి ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు, శామేలు కాదనడు. పొద్దున ఎనిమిదిలోపు వెళ్లండి, ఏటవాలు ఎండలో విరిగిన ముఖం మీద చెంబుడు నీళ్లు పోస్తే వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి. ముక్క పగలగొట్టకండి, చేతికి మందంగా గుడ్డ చుట్టుకోకుండా కొసలు తాకకండి, గాజులా కోస్తాయి.

గదికి వచ్చేసరికి ఎనిమిది దాటింది. తడి చొక్కా పిండి దండెం మీద ఆరేశాను. బురద చెప్పులు కడిగి గోడకు ఆనించి, బిందెలో నీళ్లు నింపి మూత పెట్టాను.